గట్టు సాలు

ఐరాల దాటినాక మూడో మలుపులో బస్సు సునీల్‌కుమార్‌ను దింపేసి, అతని కొత్త బూట్ల మీద తన పాత పొగ వదిలేసి పోయింది. భుజాన రికార్డరు సంచి, చేతిలో డజను అరటిపండ్లు, జేబులో రెండో ఆల్బం. రెండో ఆల్బం అంటే పాటలనుకునేరు. చెన్నై నుంచి కంపెనీ మనిషి జయరామయ్య పంపించిన అట్ట నమూనా, అంతే. అట్ట ముందు పుట్టి పాట తర్వాత పుట్టే కాలం వచ్చేసింది. దాని మీద ‘మట్టి మిక్స్ - 2’ అని ఎర్రగా అచ్చయి ఉంది. మొదటి దాంట్లో మట్టి ఎంతుందో చెప్పలేంగానీ మిక్సు మాత్రం దండిగా ఉండింది. కింద నల్లద్దాలు, రంగేసిన జుట్టు పెట్టుకున్న బొమ్మ. దాని కింద, రచన, సంగీతం: సన్నీకుమార్. సునీల్‌ను సన్నీ చేసింది కంపెనీయే. పేరు సన్నబడినాక మనిషి లావెక్కినాడు.

శుక్రవారానికి పాటలు కావాలి. ఈరోజు మంగళవారం.

చెనక్కాయ చేన్ల మధ్య కాలిబాటలో నూరడుగులు నడిచినాడో లేదో, గాలి అతని పాటనే తెచ్చి అతనికి ఇచ్చింది.

‘కొండకింద కొత్తబాయి కోరి తవ్వినా
కొడుకు పుట్టె, కూతురు పుట్టె, ఊ-ఊ-ఊ-ఊట పుట్టదే!’

సునీల్ ఆగిపోయినాడు. ఆ నాలుగు ‘ఊ’లు అతను కంప్యూటర్లో కత్తిరించి, అతికించి, ఎవరి గొంతో గుర్తు దొరక్కుండా మార్చి, మూడు రోజులు కూర్చుని చేసినవి. వాటిని మెషీను సాయం లేకుండా పదిహేను మంది ఆడోళ్ళు వంచిన నడుములతో ఉత్త నోటితో పాడుతున్నారు. బీటు కోసం బీడు భూముల దాకా వచ్చిన మనిషికి బీటే ఎదురొచ్చినట్టయింది. ఒక్క క్షణం గుండె పొంగింది. పొంగిన గుండెతో గట్టు పక్క సాలు వైపు చూసినాడు.

ఆ పక్కల కలుపు తీసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పాట ఎత్తే మనిషికి గట్టు సాలు. చేనికి అదే మొదటి వరస. ఆమె ఒక చెట్టు ముందుంటే, తక్కినవాళ్ళు తమ తమ సాళ్ళలో ఒక చెట్టు వెనక. సాలు ఆ చివర తగిలేదాకా పాట ఆగకూడదు. రెండేళ్ళ కిందట ఈ సంగతి అతనికి చెప్పింది గంగులమ్మ. ‘ముప్పై ఏండ్లుగా గట్టు సాలు నాదే నాయనా’ అని, వసారాలో విత్తనం కాయలు ఒలుస్తా, ఎదురుగా పెట్టిన మైకును పిల్లిని చూసినట్టు చూస్తా.

గట్టు సాల్లో గంగులమ్మ లేదు. పాతికేళ్ళ పిల్ల ఒకటి కొంగు నడుముకు బిగించి, చేతిపారతో గరిక పెళ్ళగిస్తా ‘ఊ-ఊ-ఊ’ అని గొంతు కొట్టుకుంటా ఉంది. గంగులమ్మ చివరి సాల్లో ఉంది. నాలుగు చెట్లు వెనకబడి, మూసిన నోటితో తుంగ పీకుతా ఉంది.

“ఎవురబ్బోడా?” అని గట్టు మీది నుంచి కేకేసింది చేను గల చంద్రకాంతమ్మ. తలగుడ్డ, చేతిలో నీళ్ళ బిందె, గొంతులో లౌడు స్పీకరు.

“తిరుపతి నుంచమ్మా. పాటలు రికార్డు చేసుకోను వచ్చినా.”

“అట్లనా! మా మునిలక్ష్మివి చేసుకో. కాసెట్టు మాదిరే పాడతాది, అచ్చం.”

“గంగులమ్మ అని…”

చేను చేనంతా నవ్వింది. నడుములు ఎత్తి మరీ నవ్వినారు. మునిలక్ష్మి పార నేలకు ఆనించి, “ఆ అవ్వనా అన్నా! ఆయమ్మకు ఏం పాటలొస్తాయి? ఈ పాట నాదే అని కొట్లాటకొచ్చింది మాతో. నేనే కట్టినా అంటాది. సరే అని కాసెట్టు తెచ్చి మా పాపతో సదివించినాం. రచన సన్నీకుమారు అని ఇంతింత అచ్చరాల్తో ఉండాది. ఇంగేం మాట్లాడతాది? ఆ పొద్దునించి అబద్ధాలవ్వ అనే పేరు” అంది.

“పెద్దమనిషి, ఊరుకోండే” అని చంద్రకాంతమ్మ కసిరింది గానీ, ఆమె పెదాల చివర కూడా నవ్వే ఉంది.

సునీల్ చేతిలో అరటిపండ్ల సంచి బరువెక్కింది. గంగులమ్మ తల ఎత్తింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. గుర్తుపట్టిందని ఆ చెయ్యి దిగిన తీరులోనే తెలిసిపోయింది. ఇప్పుడు చెప్తుంది, ‘ఇదో వీడే, ఈన్నే అడగండి’ అని వేలు పెట్టి చూపిస్తుంది అని సునీల్ మెడ కుంచించుకుని నిలబడినాడు.

“ఎండలో నిలబడి పోయినావే నాయనా. ఆ కానగ చెట్టు కింద కూసో” అని, మళ్ళీ తుంగ మీదికి వంగింది.

అతను పోయి కానగ చెట్టు కింద కూర్చున్నాడు. నీడలోనే చెమట పట్టింది.

నీళ్ళకు ఆగినప్పుడు ఆమె పక్కకు పోయినాడు. అరటిపండ్లు ఇస్తే తీసుకుని, ఒకటి ఒలిచి, తొక్క పక్కనున్న మేకకు వేసి, పండు చేతిలోనే పెట్టుకుంది.

“అవ్వా, నేను… గుర్తుండానా?”

“అద్దాలు పెట్టుకునింది నువ్వు గదబ్బా. నా కండ్లు బాగానే ఉండాయి.”

“మరి వాళ్ళతో చెప్పలేదే?”

“ఏం సెప్పేది? నా మాటకు ఇల్వ ఉంటే ఆ పొద్దే నమ్మిందురు. ఇప్పుడు నిన్ను సూపించి సెప్తే, ‘పాపం, పట్నం పిల్లోన్ని గూడా ఇరికిస్తా ఉండాదే’ అంటారు. ఎందుకులే.” ఆమె పండు కొరికింది. “ఏం పని మింద వచ్చినావు?”

అడక్కూడదని అతనికి తెలుసు. తెలిసి కూడా, తెలివి లేని నోరు అడిగేసింది. “రెండో ఆల్బం అవ్వా. ఇంకో పాట ఏమన్నా ఉంటే…”

గంగులమ్మ నమలడం ఆపింది. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

“ఉండాయి. ఇయ్యను” అంది. “ఒకటిస్తే సాలు పోయింది. ఇంగొకటిస్తే సేన్లోకి కూడా రానీరు.”

తిరుపతిలో అలిపిరి పోయే దోవలో, మిద్దె మీద ఒంటి గది సునీల్, మురుగేష్‌ల స్టూడియో. అందులో తాళాలన్నీ ఉన్నాయి, తలుపుకు తప్ప. ప్రతిధ్వని రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నారు. వాటిని చూసినప్పుడల్లా ఇంటామె యశోదమ్మ ‘గుడి దోవలో గుడ్లేంది నాయనా’ అని మెటికలు విరుస్తుంది. ఖాళీ అట్టలే పెద్దమ్మా అంటే, మనసు ఖాళీగా ఉండద్దా అంటుంది.

బుధవారం పొద్దున సునీల్ పోయేటప్పటికి మురుగేష్ హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని ఇడ్లీ తింటున్నాడు. నగరి నేతగాళ్ళ ఇంటి పిల్లోడు. మగ్గం చప్పుడుకు పుట్టి మగ్గం చప్పుడుకు పెరిగినాడు కాబట్టి లయ తప్పితే ఇడ్లీ కూడా మింగడు.

“ఏమప్పా, దొరికిందా?”

“పాత ఫైలు తీయి. కత్తిరించకముందుది.”

మురుగేష్ చెయ్యి చట్నీ తుడుచుకుని మౌసు పట్టుకున్నాడు. గదిలో కాయలు పగిలే చప్పుడు మొదలయింది. పటుక్, పటుక్. ఆ చప్పుడు మధ్యలో గంగులమ్మ గొంతు, అరవై ఏళ్ళది, కొంచెం బొంగురు, దేనికీ తొందరపడనిది. ఊట పుట్టదే అని ఆమె ఒక్కసారే అనింది. ఒక్కసారి అంటేనే చాలినంత ఎండిపోయింది బావి.

పాట అయిపోయింది. కాయలు ఇంకో రెండు పగిలినాయి. తర్వాత సునీల్ గొంతే, రెండేళ్ళు చిన్నది, వినయం కారిపోతా అడిగింది: “ఇది ఎవరు కట్టినారవ్వా?”

“నేనే కట్టినా నాయనా. మా ఆయన బాయి తవ్వినాడు సూడు, ఐదు మట్ల లోతు, ఐదాళ్ళ నిలువు. నీళ్ళు పడలా. మనిషి పడిపోయినాడు. ఆ ఏడు కలుపులో కట్టినా. ఇంగా ఉండాది ఇది. నాలుగో చరణం ఉండాది. అది ఇంగోసారి పాడతాలే.”

టక్కున ఆగిపోయింది. టేపు అయిపోయి కాదు. సునీల్ వేలే ఆపింది, ఆ పొద్దు.

“ఈ మాటలు పెడదామా అని నేను అడిగినా” అన్నాడు మురుగేష్, తెర మీద కళ్ళు తీయకుండా. “నువ్వే, నాయిస్ అన్నావు.”

“గుర్తుంది.”

“లూపు మాత్రం బాగుందన్నావు.”

“అది లూపు కాదురా, లోపం” అన్నాడు సునీల్. ఎప్పుడూ మాటకు మాట అందుకునే మురుగేష్ ఈసారి నవ్వలేదు. ఇడ్లీ పొట్లం మడిచి, మడత మీద మడత వేసి, బుట్టలో వేసినాడు.

పదకొండింటికి జయరామయ్య ఫోను చేసినాడు. “సన్నీ, ఆ ముసలి గొంతు పడిందా? డీలర్లంతా అదే అడుగుతున్నారు. ఊ-ఊ ఉండాల, ఈసారి ఇంకో రెండు ఎక్కువే ఉండాల.”

“సార్, అట్ట మీద ఇంకో పేరు వేయాల సార్. ఆమెది. పాట ఆమె కట్టింది సార్.”

“కొత్తదాని మీద వేస్తే పాతదాని మీద ఎందుకు లేదని అడుగుతారు. అప్పుడు ఏం చెప్తావు? చెప్పు, నేనూ విని నేర్చుకుంటా.”

సునీల్ గోడ మీది అట్టలు చూసినాడు. ఒక్కో గుంతలో ఒక్కో గుడ్డు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

“సరే సార్” అన్నాడు.

ఆ సరే అన్నప్పుడు ఇటు కళ్ళు తిప్పకుండా ఉన్నందుకు మురుగేష్‌కు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. పెట్టడానికి లేచే కాళ్ళు లేవు. పాటకు నాలుగు చరణాలుంటాయి గానీ మనిషికి రెండే కదా, ఆ రెండూ చచ్చుబడిపోయినాయి.

గురువారం పది గంటలకల్లా సునీల్ మళ్ళీ కానగ చెట్టు దగ్గర ఉన్నాడు. ఈసారి రికార్డరు సంచి లేదు. బ్యాటరీల టేప్ రికార్డరు ఒకటి, అందులో కత్తిరించని ఫైలు ఎక్కించిన కాసెట్టు. చంద్రకాంతమ్మ చేన్లో సగం మిగిలి ఉంది. పూతకొచ్చిన చెట్లు కాయ పట్టే ఊడలు నేలలోకి దించే లోపల కలుపు అయిపోవాలని ఆమె గట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది.

“మళ్ళా వచ్చినాడే పాటలబ్బోడు!” అన్నారెవరో.

“అమ్మా, ఒక్క మాట చెప్తా, వినండి” అన్నాడు సునీల్. బస్సులో నూరుసార్లు చెప్పుకున్న మాట నూటొకటోసారి వంకరగా వచ్చింది. “ఆ కాసెట్టు నేను చేసిందే. సన్నీకుమార్ నేనే. ఆ పాట గంగులమ్మవ్వది. నేను… నా పేరు వేసుకున్నా.”

పదిహేను మంది నడుములు లేచినాయి. మునిలక్ష్మి అతన్ని కాలి నుంచి తల దాకా చూసింది.

“నువ్వా! ఆ బొమ్మలో ఉండేది నువ్వా? ఆయన ఎర్ర జుట్టు, ఎంత టీకుగా, సోకుగా ఉంటాడు! నువ్వు సూడు, మా ఐరాల బడి అయవారి మాదిరి ఉండావు.”

ఒకటే నవ్వు. ఇంకో ఆమె అందుకుంది. “అవ్వ ఏమన్నా చెప్పి పంపిందా అన్నా నిన్ను? అరటిపండ్లు ఇస్తావుంటే నేను సూసినాలే మొన్న.”

“పాపం, ముసిలామె మనసు నొప్పించగూడదని అబద్ధం చెప్తా ఉండాడు. మంచి పిల్లోడు” అనేసింది చంద్రకాంతమ్మ, దయగా.

ఎన్ని మాటలు పడాలనుకుని వచ్చినాడో అన్నీ పడటానికి సిద్ధంగా ఉన్నాడు గానీ, ‘మంచి పిల్లోడు’ అనే మాట పడటానికి మాత్రం సిద్ధంగా లేడు. నేరం ఒప్పుకోవడానికి వచ్చినవాణ్ణి సాక్షిగా కూడా ఒప్పుకోవడం లేదు. చివరి సాల్లో గంగులమ్మ మట్టి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ‘సెప్పలేదా నేను’ అన్నట్టు చూస్తోంది.

అతను టేప్ రికార్డరు గట్టు మీద పెట్టి మీట నొక్కినాడు.

పటుక్, పటుక్. కాయల చప్పుడుకే సగం మంది మొహాలు మారినాయి. ఆ చప్పుడు మెషీన్లది కాదని వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తర్వాత గొంతు. తర్వాత ‘ఎవరు కట్టినారవ్వా’, ‘నేనే కట్టినా నాయనా’, ‘ఐదు మట్ల లోతు’, ‘మనిషి పడిపోయినాడు’.

మాట తెగిన చోట సునీల్ మీట ఎత్తినాడు.

చంద్రకాంతమ్మ తలగుడ్డ తీసి మొహం తుడుచుకుంది. “ఆ బాయి నాకు తెలుసు” అంది, ఎవరితోనో తెలియకుండా. “నేను కాపరానికి వచ్చిన ఏడే.”

మునిలక్ష్మి సునీల్ వైపు తిరిగింది. ఇప్పుడు నవ్వు లేదు. “మరి అట్ట మీద ఆయమ్మ పేరెందుకు లేదన్నా?”

“వేయలేదు.”

“అదే, ఎందుకు వేయలేదు?”

ఊళ్ళు తిరిగి మాటలు ఏరుకునే మనిషికి ఒక్క మాట దొరకలేదు. మునిలక్ష్మి ఇంకాస్త చూసి, పార తీసుకుని, గట్టు సాల్లోంచి లేచి పక్కకు జరిగింది. “అవ్వా, రా. నీ సాలు” అంది. గంగులమ్మ కదల్లేదు. “రా అవ్వా, తప్పయిపోయింది. రా.”

గంగులమ్మ లేచింది. పదిహేను సాళ్ళు దాటుకుంటా, చెట్టు తొక్కకుండా అడుగు వెతికి వేసుకుంటా వచ్చింది. గట్టు సాల్లో కూర్చుని, మొదటి గరిక దుబ్బు పట్టుకుని, గొంతు సవరించుకుంది. కొండకింద కొత్తబాయి కోరి తవ్వినా. ఆడోళ్ళు అందుకున్నారు. కొడుకు పుట్టె, కూతురు పుట్టె…

“ఊ-ఊ-ఊ-”

ఆమె నోరే అనింది. పదిహేను నోళ్ళు ‘ఊ-ఊ’ అని వెంటపడినాయి.

గంగులమ్మ ఆగిపోయింది. సాలు నడిమధ్య పాట ఆగడం ఆ చేన్లో ఎవరూ చూసి ఎరగరు. మట్టి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ అక్కడికే వచ్చి, మళ్ళీ ‘ఊ-ఊ’ అని జారింది. ఒక చిన్నపిల్ల కిసుక్కుమంటే ఎవరో దాని వీపు మీద చరిచినారు.

“నోరు అట్లే పోతా ఉండాదే” అంది గంగులమ్మ, మొహం కిందికి వేసుకుని. “రెండేండ్లు ఈల్ల ఎనకాల ఇంటా ఇంటా… నాది నాకు పోయింది.”

సునీల్ గట్టు మీద నిలబడి ఉన్నాడు. మంచి చేద్దామని వచ్చి, నలుగురి ముందర ఆమె నోరే ఆమెకు ఎదురు తిరిగేట్టు చేసినాడు. కంప్యూటర్లో అయితే ఒక్క మీట నొక్కితే పోతుంది. నాలిక మీద ఏ మీట నొక్కాలి?

“దిగు” అంది గంగులమ్మ.

“అవ్వా?”

“నేనెట్ల పాడినానో నాకంటే నీకే తెలుసు గదా. ఎన్ని తూర్లు ఇనింటావు, వెయ్యి తూర్లా? దిగు. ఎత్తు.”

ఆమె లేచి రెండో సాల్లోకి జరిగింది. గట్టు సాలు ఖాళీ అయింది.

సునీల్ బూట్లు విప్పినాడు. మేజోళ్ళు విప్పి బూట్లలో కుక్కినాడు. దిగి కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలినాయి. ముందు ఒక చెనక్కాయ చెట్టే పెరికేసి, చంద్రకాంతమ్మ ‘అది కలుపు కాదబ్బా, కాయ!’ అని అరిస్తే మళ్ళీ పాతబోయినాడు. తర్వాత పాట ఎత్తినాడు. మైకు లేకుండా, ఎకో లేకుండా, తన గొంతు ఇంత సన్నదని అతనికి అప్పుడే తెలిసింది. కానీ పాట తెలుసు. ఎక్కడ ఆమె గాలి పీల్చిందో, ఎక్కడ కాయ పగలడానికని ఆగిందో, ఎక్కడ ‘తవ్వినా’ అనే మాట లోపలికి దిగిపోయిందో, అంతా తెలుసు. ఊట పుట్టదే. ఒక్కసారే.

ఆడోళ్ళు తడబడి, ఒక్కసారే అన్నారు.

అతని వెనక, ఒక చెట్టు వెనక, గంగులమ్మ గొంతు అందుకుంది. మెల్లగా, అతను అన్నదాన్నే అంటా, పలక మీద దిద్దే పిల్ల మాదిరి. సొంత పాటను ఆమె అతని నోటి నుంచి నేర్చుకుంటోంది. సునీల్ చెవులు కాలిపోయినాయి. ఆపితే పాట మళ్ళీ ఆగిన పాపం, పాడితే ఆమెకు తను అయవారు అయిన పాపం. పాడుతూ పోయినాడు. వేళ్ళ సందుల్లో గరిక కోసింది. రెండో చరణానికి ఆమె గొంతు అతని గొంతుతో సమంగా వచ్చింది. మూడో చరణానికి అతన్ని మించిపోయింది. ఊట దగ్గర ఒక్కసారే ఆగి దాటేసింది.

మూడు చరణాలు అయిపోయినాయి. సాలు అయిపోలేదు. చివర ఇంకా నలభై చెట్ల దూరంలో ఉంది. నాలుగోది అతనికి తెలియదు. ఒక్క క్షణం పాట అంచు మీద నిలబడి, వెనక ఆమె గాలి పీల్చుకోవడం విన్నాడు. ఆమె ఎత్తుతుందనుకున్నాడు. ఎత్తలేదు. గత్యంతరం లేక అతను మళ్ళీ కొండకింద కొత్తబాయి దగ్గరికే పోయినాడు. ఆమె కూడా అతని వెంట అక్కడికే వచ్చింది.

సాలు తగిలినాక చెట్టు కింద తపేలాలు దించినారు. చంద్రకాంతమ్మ సంగటి తెడ్డు తడిపి, ఆవిరి కక్కే ముద్ద ఒకటి చేసి, దాని గుంతలో చెనక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టి, పళ్ళెం తెచ్చి సునీల్ ముందర పెట్టింది.

“నాకొద్దమ్మా. ముందు అవ్వకు…”

“గట్టు సాలు లాగిన మనిషికే మొదటి ముద్ద. ఇది మా చేన్ల మర్యాద. వద్దంటే చేనికి కీడు. తిను.”

అతను పళ్ళెం పట్టుకుని లేచి, గంగులమ్మ ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాగం అయిపోయింది, ఇంక ఈ రాగి అన్నా ఆమెకు చేరాలి అనుకున్నాడు. గంగులమ్మ పళ్ళాన్ని అరచేత్తో వెనక్కి నెట్టింది.

“సాలు లాగింది నువ్వే గదా. తిను.”

“అవ్వా, శుక్రవారం నేను ఏ పాటా ఇవ్వను వాళ్ళకు. పాత కాసెట్టు మీద కూడా నీ పేరు…”

“అన్ని ఇండ్లకూ పోయి రాసొస్తావా?” అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగినట్టు అడిగింది. అతను తల దించుకున్నాడు. ఆమె కాసేపు అతని మట్టి కాళ్ళను చూసింది.

“రేపు ఆ పక్క అద్దెకరా చేను. గట్టు సాలు నాది. నాలుగోది ఎత్తుతా” అంది. “నువ్వు రావద్దు నాయనా. నువ్వుంటే ఎత్తను.”

చుట్టూ ఆడోళ్ళు ముద్దలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. మొదటి ముద్ద గొంతు దిగేదాకా ఎవరూ తినరు. సంగటి నమిలేది కాదు, మింగేది. సునీల్ చిన్న ముక్క తుంచి, బిండిలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. పదిహేను జతల కళ్ళు అతని గొంతు మీద ఉన్నాయి. అది దిగడానికి చానా సేపు పట్టింది.